కట్టేసే తాడుకూ చట్టం ఉంది
పెంపుడు కుక్కలను, పశువులను, పక్షులను కట్టేయడం, బంధించడంపై తరచూ అడిగే ప్రశ్నలు

కుక్కను కట్టేస్తే పాపం అనేవాళ్లున్నారు. వదిలేస్తే ప్రమాదం అనేవాళ్లూ ఉన్నారు. గేదెను కట్టకపోతే పక్కవాళ్ల చేలో పడుతుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో కట్టి వెళ్లిపోతే అక్కడే సొమ్మసిల్లుతుంది. ఇరుగుపొరుగుల మధ్య తగాదాలు చాలావరకు ఈ రెండింటి మధ్యే పుడతాయి. జంతువును కట్టేసే అధికారం చట్టం యజమానికి ఇచ్చింది. తిండి, నీళ్లు, నీడ, కదలిక చూసుకునే బాధ్యతనూ అదే చేత్తో అప్పగించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇల్లూ వాకిలీ, చేనూ చెలకా ఉన్న ప్రతివారికీ పనికొచ్చే నియమాలు ఇవి.

1. మా కుక్కను గొలుసుతో కట్టేస్తాం. అది నేరమా?

కట్టేయడం నేరం కాదు. ఎలా కట్టారు, ఎంతసేపు కట్టారు అన్నదాన్ని బట్టి నేరం అవుతుంది. దీనికి ఆధారం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. ఈ చట్టం కోసం రాజ్యసభలో పట్టుబట్టింది ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరండేల్. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలూ ఆమే.

ఈ చట్టంలో 11వ సెక్షన్ ఏయే పనులు క్రూరత్వం కిందికి వస్తాయో వరసగా చెబుతుంది. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో, తాడుతోనో అసమంజసమైనంత సేపు కట్టి ఉంచడం ‘ఎఫ్’ క్లాజు కింద నేరం. ఇది కుక్కతోపాటు ఆవుకూ మేకకూ గుర్రానికీ వర్తిస్తుంది. ఆ తర్వాతి ‘జి’ క్లాజును ప్రత్యేకంగా కుక్కల కోసమే రాశారు. అలవాటుగా గొలుసుకు కట్టే కుక్కను, లేదా ఇరుకు చోట బంధించే కుక్కను యజమాని తగినంతగా తిప్పకపోతే అదీ నేరమే. తిండి, నీళ్లు, నీడ సరిగా ఇవ్వకపోవడం ‘హెచ్’ క్లాజు కిందికి వస్తుంది.

అంటే గొలుసు పొడవుగానే ఉన్నా, రోజూ కుక్కను బయట తిప్పని యజమాని చట్టాన్ని పాటించినట్టు కాదు.

2. ఎన్ని గంటలు కట్టొచ్చు? గొలుసు ఎన్ని అడుగులుండాలి?

చట్టం లెక్క చెప్పలేదు. ‘అసమంజసమైన’ అన్న మాట దగ్గరే ఆగింది. కాబట్టి ఫిర్యాదు వచ్చినప్పుడు అధికారులు, పశువైద్యులు చూడాల్సింది జంతువు ఒంటి మీదా, అది ఉన్న చోటా కనిపించే ఆనవాళ్లనే.

ముందు మెడ చూడాలి. పట్టీ ఒరుసుకున్న చోట వెంట్రుకలు ఊడి, తోలు ఎర్రబడి లేదా నల్లగా మందంగా మారి ఉంటే ఆ కుక్క చాలాకాలంగా కట్టు మీదే ఉందని అర్థం. పిల్లగా ఉన్నప్పుడు వేసిన పట్టీని కుక్క పెరిగాక మార్చకపోతే అది మెడలోకి దిగబడి పుండవుతుంది, ఈగలు ముసురుతాయి. తర్వాత నేల చూడాలి. గుంజ చుట్టూ గడ్డి అంతా చచ్చి గుండ్రంగా మట్టి తేలి ఉంటే, ఆ వలయం లోపలే మలమూత్రాలు, పక్కనే బోర్లాపడిన నీళ్ల గిన్నె ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

యజమాని తన ఇంట్లో తానే చూసుకోదగ్గ కొలతలు కొన్ని ఉన్నాయి. ఇవి చట్టంలో రాసినవి కావు, కుక్కల మంచిచెడ్డలు తెలిసినవాళ్లు చెప్పేవి. కట్టి ఉన్న కుక్క లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. నీళ్ల దగ్గరికీ, పొద్దు తిరిగినా నీడలోకీ పోగలగాలి. పడుకునే చోటికి దూరంగా మలవిసర్జన చేసుకోగలగాలి. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. గొలుసు గుంజకు మెలిపడకుండా తిరిగే కొక్కెం ఉండాలి. బిగుసుకునే ముడి ఎప్పుడూ వేయకూడదు.

సుప్రీంకోర్టు 2014 మే 7న నాగరాజ కేసు తీర్పులో జంతువులకు ఐదు స్వేచ్ఛలుంటాయని చెప్పింది. ఆకలిదప్పుల నుంచి, భయాందోళనల నుంచి, శారీరక అసౌకర్యం నుంచి, నొప్పి, గాయం, జబ్బుల నుంచి స్వేచ్ఛ, సహజంగా ప్రవర్తించే స్వేచ్ఛ. ‘అసమంజసం’ అన్న మాటను తూచేటప్పుడు ఈ ఐదూ మంచి తూకంరాళ్లు.

3. అమెరికాలో మా అబ్బాయి వాళ్లకు గంటల లెక్క ఉందట. నిజమేనా?

నిజమే. అక్కడ రాష్ట్రానికో నియమం. కాలిఫోర్నియాలో కదలని వస్తువుకు కుక్కను కట్టేస్తే, కొన్ని మినహాయింపులు పోను, 24 గంటల్లో 3 గంటలకు మించకూడదు. టెక్సస్‌లో 2022 జనవరి 18 నుంచి కొత్త చట్టం వచ్చింది. ఆరుబయట కుక్కను ఇనుప గొలుసుతో కట్టకూడదు. తాడైతే 10 అడుగులు, లేదా ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కుక్క పొడవుకు ఐదు రెట్లు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత ఉండాలి. తాగే నీళ్లు, నీడ, తగిన గూడు తప్పనిసరి. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లు ఇండియాలో లాగే పెరట్లో కట్టేస్తే సరిపోతుందనుకోకుండా తమ రాష్ట్రం, తమ నగరం నియమాలు చూసుకోవాలి.

4. ఊరెళ్లేటప్పుడు కుక్కను బాల్కనీలోనో మేడమీదో పెట్టి తాళం వేయొచ్చా?

కూడదు. అటూ ఇటూ కదలడానికి చాలినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో ఏ జంతువును పెట్టినా 11వ సెక్షన్ ‘ఇ’ క్లాజు కింద నేరం. మేడమీద చోటు ఉంది కదా అనుకుంటే, వేసవిలో కాలే గచ్చు మీద నీడలేకుండా ఉంచడం ‘హెచ్’ క్లాజు కిందికి వస్తుంది. ఆకలికో దాహానికో అల్లాడేలా వదిలిపెట్టి వెళ్లడం ‘ఐ’ క్లాజు. ఇల్లు మారుతూ పెంపుడు కుక్కను పాత ఇంటి దగ్గరే వదిలేయడం కూడా ఇదే.

రెండు రోజుల తిండి ఒకేసారి గిన్నెలో పోసి వెళ్లడం ఏర్పాటు కిందికి రాదు. పూటపూటకూ వచ్చి చూసే మనిషిని పెట్టండి, లేదా నమ్మకమైన బోర్డింగ్‌లో వదలండి.

5. అయితే కట్టేయకుండా వదిలేస్తాం. ఎవరినైనా కరిస్తే?

బాధ్యత మీదే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్ర గాయానికి గానీ ప్రమాదం ఉందని తెలిసీ, లేదా నిర్లక్ష్యంతో, తగిన జాగ్రత్త తీసుకోకపోతే 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గాయపడినవాళ్లు నష్టపరిహారం కోసం సివిల్ కోర్టుకూ వెళ్లొచ్చు.

కాబట్టి గేటు మూసి ఉంచడం, వీధిలోకి తీసుకెళ్తే బెల్టు పట్టుకోవడం, ఏటా రేబిస్ టీకా వేయించడం యజమాని పనులు. హైదరాబాద్‌లో పెంపుడు కుక్కను జీహెచ్‌ఎంసీలో నమోదు చేయించాలి. మిగతా ఊళ్లవాళ్లు తమ కార్పొరేషన్‌లోనో మునిసిపాలిటీలోనో అడిగి తెలుసుకోవాలి. టీకా కార్డు జాగ్రత్తగా దాచుకోండి.

ఎవరినైనా కరిస్తే తగాదా తర్వాత. ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. పసరు, కారం, సున్నం వంటివి పూయకూడదు.

6. తోటలో కాపలాకు పెట్టిన కుక్కను రేయింబవళ్లు కట్టి ఉంచితేనే పౌరుషంగా ఉంటుందంటారు. నిజమా?

ఈ నమ్మకం వల్ల కుక్కలూ నష్టపోతున్నాయి, మనుషులూ నష్టపోతున్నారు. అమెరికాలోని డెన్వర్‌లో కరిచిన కుక్కలనూ కరవని కుక్కలనూ పోల్చి చూసిన అధ్యయనం 1994లో వచ్చింది. పెరట్లో గొలుసుతో కట్టేసే కుక్కలు కరిచినవాటిలో గణనీయంగా ఎక్కువని అందులో తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. కట్టి ఉన్న కుక్క భయపడితే పారిపోలేదు, దానికి మిగిలింది మీదపడటమే. మనుషులతో మసలని కుక్కకు దొంగెవరో, ఇంటికొచ్చిన చుట్టమెవరో, బంతి కోసం వచ్చిన పిల్లవాడెవరో తెలియదు.

చట్టం కాపలా కుక్కకు మినహాయింపేమీ ఇవ్వలేదు. పొద్దునా సాయంత్రం తిప్పాలి, రాత్రి కంచె లోపల వదలాలి, పగలు కట్టాల్సివస్తే నీడలో కట్టాలి. తోటమాలికి అప్పజెప్పి పట్నంలో కూర్చున్నా యజమాని బాధ్యత పోదు. తగిన శ్రద్ధ, పర్యవేక్షణ లేకపోవడం వల్ల క్రూరత్వం జరిగితే యజమానే చేసినట్టు లెక్క అని 11వ సెక్షన్ చెబుతోంది.

7. అపార్ట్‌మెంట్ సంఘం ‘కుక్కలు పెంచకూడదు’ అని తీర్మానం చేసింది. చెల్లుతుందా?

చెల్లదు. పెంపుడు కుక్కలను సంఘాలు నిషేధించలేవని, మెజారిటీ తీర్మానమైనా అంతేనని, లిఫ్టు వాడనివ్వకపోవడం తగదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. అయితే అందరూ వాడే చోట బెల్టు పట్టుకోమని, మలం ఎత్తేయమని, టీకా కార్డు చూపించమని కోరడం సమంజసమే. లిఫ్టులో పసిపిల్లలో, కుక్కంటే భయపడే పెద్దవాళ్లో ఉంటే యజమాని ఒక్క ట్రిప్పు ఆగితే ఎన్నో గొడవలు ఆగుతాయి.

8. ఆవులు, గేదెలు, గాడిదల సంగతేమిటి? పలుపు, ముక్కుతాడు వేయడం తప్పా?

తప్పు కాదు. నిర్దేశించిన పద్ధతిలో ముక్కుతాడు వేయడాన్ని చట్టం క్రూరత్వం నుంచి మినహాయించింది. పలుపుతో గుంజకు కట్టడమూ తప్పు కాదు. తల వంచి కుడితి తొట్టి అందుకోలేనంత, పడుకుని నెమరు వేయలేనంత పొట్టిగా కడితే మాత్రం ‘ఎఫ్’ క్లాజు వర్తిస్తుంది. పట్నాల్లో ఇరుకు షెడ్లలో పాడిగేదెలను పక్కపక్కనే బిగించి కట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

చేలలో పడే పశువు మెడకు గుదికొయ్య వేలాడదీయడం, గాడిద ముందుకాళ్లు రెండూ కలిపి బందం వేయడం పాత అలవాట్లు. గుదికొయ్య అడుగడుగునా మోకాళ్లకు కొట్టుకుని వాపు తెస్తుంది. బందం వేసిన గాడిద కుప్పిగంతులు వేస్తూ కదులుతుంది, తాడు ఒరిసి కాలి కీలు దగ్గర ఎముక కనిపించేదాకా పుండవుతుంది. అనవసరమైన నొప్పి కలిగించడం క్రూరత్వమేనన్న సూత్రానికి ఇవి తలవంచక తప్పదు. దడి గట్టిగా వేసుకోవడం, పొడవైన తాడుతో కట్టి చోటు మారుస్తూ మేపడం పశువుకూ మేలు, పైరుకూ మేలు.

9. ఎక్కడ కట్టకూడదు?

కరెంటు స్తంభానికీ, దాని స్టే వైరుకూ, ట్రాన్స్‌ఫార్మర్ కంచెకూ ఎప్పుడూ కట్టకూడదు. తొలకరి వానకు తడిసిన స్తంభం ద్వారా కరెంటు పాకి పశువులు చనిపోయిన వార్తలు ఏటా చూస్తున్నాం. విప్పబోయిన రైతులూ చనిపోతున్నారు. ఉరుములు మెరుపులప్పుడు ఒంటరి చెట్టు కింద కట్టొద్దు. రైలు పట్టాల పక్కన, హైవే వారన కట్టొద్దు. రేకుల షెడ్డులో కడితే పైన గడ్డి కప్పండి.

తుఫాను, వరద హెచ్చరిక వస్తే మెరకకు తోలుకుపోవాలి. అది కుదరకపోతే పలుపు విప్పి వదిలేయాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మనుషులతోపాటు ఎంత పశుసంపదను మింగిందో కృష్ణా జిల్లావాళ్లు మరచిపోలేదు. కట్టేసిన పశువుకు ఈదే అవకాశమే ఉండదు. పెంపుడు కుక్కకూ ఇదే వర్తిస్తుంది.

10. పక్కవాళ్ల గేదె మా చేలో పడింది. పట్టుకుని మా కొట్టంలో కట్టేసుకోవచ్చా?

పట్టుకోవచ్చు, ఉంచుకోకూడదు. 1871 నాటి పశువుల అతిక్రమ చట్టం ప్రకారం పైరు పాడుచేస్తున్న పశువును రైతు పట్టుకుని 24 గంటల్లోగా బందెలదొడ్డికి పంపాలి. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఏడు రోజుల్లో రాకపోతే నోటీసు, ఆపైన వేలం. పశువును కొట్టడం, తిండి పెట్టకుండా కట్టేయడం చేస్తే నష్టపోయిన రైతే నేరస్థుడవుతాడు. విషం పెట్టినా, కాళ్లు నరికినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు.

చాలా ఊళ్లలో బందెలదొడ్డి గోడలు కూలి, పిచ్చిమొక్కలు మొలిచి ఉన్నాయి. దాన్ని బాగుచేయమని పంచాయతీని అడిగే హక్కు గ్రామసభకు ఉంది. జాతీయ రహదారుల మీద తిరిగే పశువులను తరలించి సంరక్షణ కేంద్రాల్లో ఉంచాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా.

11. కోళ్లు, చిలుకలు, తాబేళ్లను పెంచుకోవచ్చా?

పెరటి కోళ్లను పెంచుకోవచ్చు. గంప కింద మూసినా, కాలికి తాడు కట్టినా కదిలే చోటు, నీళ్లు ఉండాలి. పందెం కోసం కోడిని ఉసిగొల్పడం, పందెం బరి నడపడం మాత్రం జంతు హింస నివారణ చట్టం కింద నేరమే, సంక్రాంతి అయినా సరే.

మన తోటల్లో ఎగిరే రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పంజరం ఎంత పెద్దదైనా, రోజూ జామపళ్లు పెట్టినా నేరమే. చిలక జోస్యానికీ మినహాయింపు లేదు. 2022 సవరణ తర్వాత దీనికి 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. అదృష్టం కోసమని తెచ్చుకునే నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది, దానికి శిక్ష ఇంకా ఎక్కువ. ఇంట్లో ఉంటే అటవీశాఖకు అప్పగించండి. రెక్కలు కత్తిరించిన చిలుకను మీరే గాల్లోకి వదిలితే కాకులపాలవుతుంది.

12. మా వీధిలో తిరిగే కుక్కలను పట్టి బంధించమని మునిసిపాలిటీని అడగొచ్చా?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి ఒక చిన్నారి బలైన ఘటన ఎవరమూ మరచిపోలేం. ఆ భయం న్యాయమైనది. పరిష్కారాన్ని మాత్రం చట్టం చెప్పిన దారిలోనే అడగాలి.

2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలను పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఈ పని స్థానిక సంస్థది. రేబిస్ ఉన్నవాటిని, మనుషుల మీదపడే స్వభావం ఉన్నవాటిని తిరిగి వదలకూడదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకుండా ప్రత్యేకంగా చోట్లు కేటాయించమంది. బడులు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తరలించి, మళ్లీ అక్కడ వదలొద్దని నవంబరు 7న ఆదేశించింది.

కాలనీవాసులు తామే పట్టి గోనెసంచుల్లో కట్టి ఊరవతల పారేయడం, విషం పెట్టడం నేరాలు. ఆపరేషన్లు ఎప్పుడు చేస్తారో, ఎన్ని చేశారో రాతపూర్వకంగా అడగండి. వార్డులో కుక్కలన్నిటికీ టీకాలు పడితేనే పిల్లలకు రక్షణ.

13. పక్కింటివాళ్లు కుక్కను రోజంతా ఎండలో కట్టేస్తున్నారు. నేనేం చేయాలి?

ముందు వెళ్లి మాట్లాడండి. “మధ్యాహ్నం నీడ తిరిగిపోతోందండీ, మా వైపు గోడ పక్కన కట్టుకోండి, నీళ్లు నేను పోస్తాను” అంటే వినేవాళ్లే ఎక్కువ. చాలామంది క్రూరత్వంతో కాదు, తెలియక, తీరిక లేక అలా వదిలేస్తారు.

వినకపోతే మీ ఇంటి నుంచో వీధి నుంచో తేదీ, సమయం పడేలా ఫొటోలు, వీడియోలు తీయండి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో తీస్తే ‘అలవాటుగా’ కడుతున్నారన్నది రుజువవుతుంది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వండి, 11వ సెక్షన్ ‘ఎఫ్’, ‘జి’, ‘హెచ్’ క్లాజులను ప్రస్తావించండి. ఇవి పోలీసులు సొంతంగా కేసు కట్టి దర్యాప్తు చేయగల నేరాలు కావు. అయినా ఫిర్యాదును పుస్తకంలో నమోదు చేసుకుని, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరకు పంపాల్సిన బాధ్యత వాళ్లకుంది. మీరు నేరుగా మేజిస్ట్రేటు కోర్టులోనూ ఫిర్యాదు వేయొచ్చు. నేరం జరిగిన మూడు నెలల్లోపే వేయాలన్నది ముఖ్యం.

కానిస్టేబుల్ కంటే పై హోదా ఉన్న పోలీసు అధికారికి జంతువును స్వాధీనం చేసుకుని మేజిస్ట్రేటుకో పశువైద్యాధికారికో చూపించే అధికారం 34వ సెక్షన్ ఇచ్చింది. జిల్లా జంతు హింస నివారణ సంఘానికీ, హైదరాబాద్‌లో బ్లూక్రాస్, విశాఖపట్నంలో వీఎస్‌పీసీఏ వంటి సంస్థలకూ తెలియజేయండి.

14. నేనే గోడ దూకి కట్టు విప్పేస్తే?

వద్దు. అనుమతి లేకుండా లోపలికి వెళ్తే అక్రమ ప్రవేశం, కుక్కను తీసుకెళ్తే దొంగతనం కేసు మీ మీద పడుతుంది. పైగా బెదిరిన కుక్క మిమ్మల్నే కరవొచ్చు. ప్రాణం మీదికి వచ్చినట్టు కనిపిస్తే 112కి ఫోన్ చేసి పోలీసులను పిలవండి. పశువైద్యం కోసం రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరు ఉంది.

15. శిక్ష ఎంత?

1960 చట్టం 11వ సెక్షన్‌లో రాసింది మొదటి నేరానికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. నేరం రుజువైతే ఆ జంతువు మీద యజమానికి హక్కు తీసేసే అధికారం 29వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. జంతువుకు నిజంగా మేలుచేసేది ఇదే. శిక్షలు పెంచుతూ 2022లో కేంద్రం సవరణ ముసాయిదాను జనం ముందుంచింది. పది రూపాయల జరిమానా ఏ యజమానినీ భయపెట్టదు. అందుకే ఈ విషయంలో చట్టసభలు కదలాలి, అప్పటిదాకా ఇరుగుపొరుగు కదలాలి.

16. మా కాలనీ, మా పంచాయతీ సొంతంగా నియమాలు పెట్టుకోవచ్చా?

చట్టానికి విరుద్ధం కానంత వరకు పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. ప్రతి పెంపుడు కుక్క పేరూ, టీకా తేదీ ఉన్న జాబితా. ఏడాదికోసారి టీకా శిబిరం. కరెంటు స్తంభాలకు పశువులను కట్టకూడదన్న తీర్మానం. వేసవిలో నీళ్ల తొట్లు. బందెలదొడ్డికి తలుపు, నీడ, మేత. ఫిర్యాదు వస్తే వెళ్లి చూసే ఇద్దరు మనుషులు. వీటికి పెద్దగా ఖర్చు లేదు. వచ్చే గ్రామసభలోనో, సంఘం సమావేశంలోనో మీరే ఈ విషయం ఎత్తండి, తీర్మానం పుస్తకంలో రాయించండి.